జాకప్ రిగ్గు మీద తొలి ఉద్యోగం: నిజంగా భయపడవలసింది దేనికి?

కోనసీమ కుర్రాడు, అమలాపురం

సభ్యులందరికీ నమస్కారం. నేను కాకినాడలో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, రెండేళ్ళు ఒక కర్మాగారంలో పంపుల మరమ్మతు విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఒక కాంట్రాక్టు సంస్థ ద్వారా పడమటి సముద్రంలో అడుగున కాళ్ళు ఊని నిలిచి చమురు బావులు తవ్వే ఒక జాకప్ రిగ్గు మీద ఫ్లోర్‌మన్‌గా, అంటే తవ్వే వేదిక మీద పైపులు కలిపే పనివాడిగా, ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలలో గోవాలో భద్రతా శిక్షణ ఉంటుంది. అది ముగిశాక ముంబయిలోని జుహూ నుంచి హెలికాప్టరులో రిగ్గుకు తీసుకువెళతారట.

మా అమ్మకు ఈ ఉద్యోగం బొత్తిగా ఇష్టం లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకున్నప్పుడు ఆమె మా ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. ఆ మంట అరవై అయిదు రోజులు ఆరలేదని, రాత్రిళ్ళు పెరట్లో దీపం లేకుండానే గిన్నెలు తోముకున్నామని ఇప్పటికీ చెబుతుంది. "నేల మీద మంటకే ఊళ్ళు ఖాళీ చేసి పోయాం, నీళ్ళ నడుమ నువ్వు ఎటు పోతావురా" అని అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. రిగ్గుల మీద పనిచేసిన పెద్దలు ఈ వేదికలో ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. అక్కడి యంత్రాలలో నేను నిజంగా జాగ్రత్తపడవలసినవి ఏవి? మొదటి రోజు నా కళ్ళు ఎక్కడ ఉండాలి?

మంకీబోర్డు మావయ్య, నరసాపురం

బాబూ, మీ అమ్మగారి భయం న్యాయమైనదే. అయితే ఇరవై ఆరేళ్ళు రిగ్గుల మీద గడిపి, అందులో తొమ్మిదేళ్ళు డెరిక్ అనే ఉక్కు గోపురం పైన మంకీబోర్డు అనే బల్ల మీద నిలబడి పైపులు అందుకున్న నేను నా కళ్ళతో చూసిన బ్లోఅవుట్, అంటే బావి అదుపు తప్పి ఎగదన్నటం, ఒక్కటి కూడా లేదు. తెగిన వేళ్ళు మాత్రం ఏడు చూశాను. వాటిలో ఒకటి నాదే, ఎడమ చేతి చిటికెనవేలి పై కణుపు. అందుచేత ముందు చేతుల సంగతి చెబుతాను.

నువ్వు పనిచేసే చోటు రోటరీ టేబుల్, అంటే పైపు బావిలోకి దిగే రంధ్రమున్న తిరిగే బల్ల, చుట్టూ ఉండే నాలుగు గజాల స్థలం. ఒక్కో డ్రిల్ పైపు తొమ్మిదిన్నర మీటర్ల పొడవు, దాదాపు 300 కిలోల బరువు ఉంటుంది. బావిలోకి దిగిన పైపుల వరుస మొత్తాన్ని ఆ టేబుల్ రంధ్రంలో పట్టి ఉంచేవి స్లిప్సు. అవి పిడులున్న ఇనుప చీలలు, లోపలి వైపు పళ్ళు ఉంటాయి. పైపును కిందికి వదులుతున్నప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి వాటిని ఎత్తి రంధ్రంలోకి జారవిడుస్తారు. కొత్తవాళ్ళు చేసే తప్పు ఏమిటంటే, స్లిప్సు కూర్చున్న తర్వాత కూడా పిడిని వదలరు. పైపును పట్టి ఎత్తే బిగింపు అయిన ఎలివేటర్ పైనుంచి దిగుతూనే ఉంటుంది. ఆ ఎలివేటరుకూ పిడికీ నడుమ వేలు ఉంటే ఏమవుతుందో నా చెయ్యి చూస్తే తెలుస్తుంది. నొప్పి కూడా వెంటనే తెలియలేదు, గ్లవ్ తడిగా అనిపించి చూసుకున్నాను.

ఇక టాంగులు. ఒక్కొక్కటి మనిషి కంటే బరువైన పటకారు, తీగతాడుకు వేలాడుతూ ఉంటుంది. ఒకటి కింది పైపును కదలకుండా పడుతుంది, రెండోది పై పైపును బిగిస్తుంది లేదా విప్పుతుంది. పట్టి ఉంచే టాంగు వెనక్కి తిరగకుండా డెరిక్ కాలికి కట్టిన ఉక్కుతాడును స్నబ్ లైన్ అంటారు. బిగించే క్షణంలో ఆ తాడు మీద టన్నుల లాగుడు పడుతుంది. అది తెగినా, దవడ జారినా టాంగు తాటిదుంగ తిరిగినట్లు గిర్రున తిరుగుతుంది. అందుకని టాంగు తిరగగలిగిన వలయంలో నిలబడకు. యంత్రాన్ని నడిపే డ్రిల్లరు లాగబోయే ముందు నీ రెండు చేతులూ ఆయనకు కనిపించాలి. కొత్త రిగ్గుల మీద ఈ పనిని ఐరన్ రఫ్‌నెక్ అనే యంత్రం చేస్తుంది. దానితో చేతుల గాయాలు తగ్గిన మాట నిజమే కాని, దానికి కళ్ళు లేవు. అది ముందుకు వచ్చే పట్టాల మీద మనిషి నిలబడి ఉన్నాడో లేదో చూసుకోవలసిన బాధ్యత మనిషిదే.

పైనుంచి పడేవాటి గురించి కూడా వినాలి. అరకిలో స్పానరు నలభై మీటర్ల ఎత్తు నుంచి జారితే నేలను తాకేసరికి సెకనుకు 28 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకు నూరు కిలోమీటర్లు. హెల్మెట్ దానికి అడ్డు కాదు. అందుకే పైకి తీసుకుపోయే ప్రతి పనిముట్టునూ నడుముకో మణికట్టుకో తాడుతో కట్టుకోవాలి, ఎన్ని పైకి వెళ్ళాయో అన్నీ దిగివచ్చినట్లు పుస్తకంలో రాయాలి. పైపు ఇరుక్కుని, జార్లు అనే సమ్మెట లాంటి పనిముట్లతో కొట్టిన తర్వాత డెరిక్ అంతా అదిరి బోల్టులు వదులవుతాయి. ఆ రోజు డెరిక్‌మన్ పైకెక్కి తనిఖీ చేసేవరకు కింద తిరగకుండా ఉండటం పిరికితనం కాదు.

చదువరి, హైదరాబాదు

నేను ఈ రంగానికి చెందినవాణ్ణి కాను, ఆసక్తితో చదువుతున్నాను. పాత చిత్రాలలో పైపు చుట్టూ గొలుసు విసిరి తిప్పటం చూశాను. ఇప్పటికీ అలాగే చేస్తారా?

మంకీబోర్డు మావయ్య, నరసాపురం

లేదండీ. ఆ స్పిన్నింగ్ చైన్ ఎందరి వేళ్ళనో మింగి పోయింది. 1980ల నుంచి టాప్ డ్రైవ్ వచ్చి, పైపును పైనుంచే మోటారు తిప్పుతోంది. మూడు పైపులను ఒకేసారి కలుపుకుంటారు కనుక జతచేసే పనులు కూడా తగ్గాయి. మనిషి చెయ్యి ఎన్నిసార్లు ఇనుముకు దగ్గరగా పోవాలో ఆ లెక్క తగ్గటమే అసలు లాభం.

మడ్డురావు, రాజమహేంద్రవరం

మావయ్యగారు చెప్పిన ప్రతి మాటా నిజం. కాని బ్లోఅవుట్ చూడలేదు కాబట్టి దాని సంగతి తర్వాత అనే ధోరణిని నేను ఒప్పుకోలేను. వేలు తెగితే ఒక మనిషి ఆసుపత్రికి వెళతాడు, బావి అదుపు తప్పితే రిగ్గు మొత్తం పోతుంది. ఈ రెండో ప్రమాదాన్ని మొట్టమొదట చూడగలిగే స్థానంలో ఫ్లోర్‌మన్ కూడా ఉంటాడు కనుక ఈ కుర్రాడికి అది తెలియాలి.

బావిలో నిండి ఉన్న మడ్డు, అంటే డ్రిల్లింగుకు వాడే చిక్కని బురద ద్రవం, దాని బరువే భూమి లోపలి ఒత్తిడికి మొదటి అడ్డుకట్ట. గ్యాలనుకు పది పౌండ్ల మడ్డు 10,000 అడుగుల లోతు వరకు నిలిస్తే అడుగున 5,200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి కలిగిస్తుంది. పొరలోని గ్యాస్ ఒత్తిడి అంతకంటే ఎక్కువైతే అది బావిలోకి చొరబడుతుంది, దానినే కిక్ అంటాం. అంత లోతులో ఒక బ్యారెల్ జాగాలో ఇమిడిన గ్యాస్, ఉష్ణోగ్రత తేడాను పక్కనపెట్టి లెక్కవేస్తే, పైకి వచ్చేసరికి 350 బ్యారెళ్ళకు వ్యాపిస్తుంది. అడుగున ఉన్నంతసేపు అది ఏమీ ఎరగనట్లు ఉంటుంది. చివరి వెయ్యి అడుగులలోనే విజృంభిస్తుంది.

పైపులు బయటికి లాగేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. తొందరపడి లాగితే పైపు చివరి డ్రిల్ బిట్ బోరింగు పంపులో వాషరులాగా పనిచేసి కింది నుంచి గ్యాస్‌ను పీల్చుకువస్తుంది. దీనిని పట్టుకునేది ట్రిప్ ట్యాంకు. బయటికి వచ్చిన ఇనుము ఖాళీ చేసిన జాగాను మడ్డుతో నింపుతూ, ఎంత పట్టిందో ప్రతిసారీ రాసుకుంటాం. అయిదంగుళాల పైపు మూడు కలిసిన ఒక స్టాండుకు సుమారు 0.7 బ్యారెల్, అయిదు స్టాండ్లకు మూడున్నర బ్యారెళ్ళు పట్టాలి. తక్కువ పడితే ఆ జాగాలోకి కింది నుంచి ఏదో చేరిందన్నమాట.

నేను పనిచేసిన ఒక రిగ్గు మీద, పేరు చెప్పను, తెల్లవారుజామున మూడు గంటలకు అయిదు స్టాండ్లకు రెండున్నర బ్యారెళ్ళే పట్టింది. "ఫ్లోట్ పట్టేసి ఉంటుంది, నిన్న కూడా ఇంతే" అన్నాడు డ్రిల్లరు. ఫ్లోట్ అంటే ట్యాంకులో మట్టం చూపించే తేలే గుండు. ఆ తరవాతి అయిదింటికీ రెండున్నరే పట్టింది. ఆయన మళ్ళీ ఫ్లోట్ మాటే అన్నాడు. రెండు నెలల క్రితం చేరిన ఒక ఫ్లోర్‌మన్ టార్చి తీసుకుని ట్యాంకు దగ్గరికి వెళ్ళి, కొలబద్ద దించి, ఫ్లోట్ సరిగానే ఉందని వచ్చి చెప్పాడు. అప్పుడు పంపు ఆపి ఫ్లో చెక్ చేస్తే, అంటే బావి దానంతటదే పారుతోందా అని చూస్తే, బావి నోట్లోంచి వేలి లావు ధార ఆగకుండా వస్తోంది. బావి మూసి, ఒత్తిడి చూసుకుని, జాగ్రత్తగా పైపును తిరిగి అడుగుకు దించి మడ్డు తిప్పితే ఆ గ్యాస్ అంతా బయటపడింది. చెడిపోయింది కొలత సాధనం కాదు, దానిని నమ్మవలసిన మనసు. ఆ కుర్రాడికి డ్రిల్లింగు శాస్త్రం ఏమీ తెలియదు. వెళ్ళి చూశాడు, అంతే.

విశాఖ ఇంజనీరు

అంత జరిగినా చివరికి బీవోపీ (బ్లోఅవుట్ ప్రివెంటర్) ఉంటుంది కదా. మీట నొక్కితే పైపును కూడా కోసి బావిని మూసేసే యంత్రం ఉన్నప్పుడు ఈ ట్యాంకుల లెక్కలను ఇంత భయంకరంగా చెప్పటం అవసరమా? ఇప్పటి సాంకేతికతను కొంచెం నమ్మాలేమో.

సముద్రగర్భం, చెన్నై

ఇంజనీరుగారూ, నేను పదకొండేళ్ళు సబ్‌సీ (సముద్రగర్భ పరికరాల) విభాగంలో బీవోపీల నిర్వహణే చేశాను కాబట్టి అది ఎంతవరకు ఆదుకుంటుందో చెప్పగలను.

బీవోపీ ఒకే తలుపు కాదు, తలుపుల దొంతర. పైన యాన్యులార్ అనే దళసరి రబ్బరు కంకణం ఉంటుంది, ఏ సైజు పైపు చుట్టూ అయినా బిగుసుకుంటుంది. దాని కింద పైపును రెండు వైపుల నుంచీ నొక్కి పట్టే పైపు ర్యాములు, వాటితోపాటు పైపును కోసి బావిని మూసే బ్లైండ్ షియర్ ర్యాము ఉంటాయి. వీటిని కదిలించేది 3,000 పీఎస్ఐ దగ్గర నత్రజని సీసాలలో నిల్వ చేసిన హైడ్రాలిక్ శక్తి. కరెంటు పోయినా పనిచేయాలనే ఆ ఏర్పాటు. జాకప్ మీద బీవోపీ నీ కాళ్ళ కింది డెక్కు మీదే ఉంటుంది. అక్కడ ర్యాము మూసుకోవడానికి 30 సెకన్లు, సముద్రం అడుగున ఉండేదానికి 45 సెకన్లు మించరాదన్నది ప్రమాణం. గ్యాస్ అప్పటికే బీవోపీని దాటి పైకి వచ్చేసి ఉంటే ఎంత వేగంగా మూసినా ఆ గ్యాస్ వెనక్కి పోదు.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ మీద జరిగింది అదే. మకోండో బావి అడుగున సిమెంటు సరిగా పట్టలేదు. సిమెంటు ఆపిందో లేదో తెలుసుకోవడానికి నెగటివ్ ప్రెజర్ టెస్టు చేశారు. డ్రిల్ పైపు మీద 1,400 పీఎస్ఐ ఒత్తిడి కనిపించింది, బీవోపీకి కట్టిన మరో గొట్టం అయిన కిల్ లైన్ మీద సున్నా కనిపించింది. ఒకే బావికి కట్టిన రెండు గేజీలు అంత తేడా చూపకూడదు. దానికి "బ్లాడర్ ఎఫెక్ట్" అనే పేరు పెట్టి, పరీక్ష నెగ్గినట్లు భావించి, బరువైన మడ్డును తీసేసి సముద్రపు నీటిని నింపారు. మడ్డురావుగారి డ్రిల్లరు ఫ్లోట్ మీద నెట్టిన దానికీ దీనికీ తేడా ఏముంది? ఆ తర్వాత బావి పొంగుతున్నా చాలాసేపు ఎవరూ పసిగట్టలేదు. గ్యాస్‌ను దూరంగా సముద్రం మీదికి మళ్ళించకుండా రిగ్గు మీదే ఉండే, మడ్డునూ గ్యాస్‌నూ విడదీసే సెపరేటరుకు పంపారు. చివరి దిక్కు అనుకున్న షియర్ ర్యాము విషయానికి వస్తే, లోపలి ఒత్తిడికి పైపు వంగి పక్కకు జరిగినందువల్ల బ్లేడ్ల నడుమకు పూర్తిగా రాలేదు. దానిని నడిపించే రెండు కంట్రోల్ పాడ్లలో ఒకదాని బ్యాటరీ బలహీనపడి ఉంది, రెండోదానిలో సోలెనాయిడ్ వైరింగు తప్పుగా ఉంది. రిగ్గు మీద 126 మంది ఉండగా 11 మంది చనిపోయారు, రెండు రోజులకు రిగ్గు మునిగింది, బావి 87 రోజులు చమురు కక్కింది.

ఇంకొక్క మాట. ఆ రోజే కంపెనీల పెద్దలు కొందరు ఆ రిగ్గు మీదికి వచ్చి ఉన్నారు. పని ఆగేంత గాయం ఒక్కటి కూడా లేకుండా ఏడేళ్ళు గడిచినందుకు సిబ్బందిని అభినందించటం కూడా వారి రాకకు ఒక కారణం. వేళ్ళ లెక్క బాగున్నంత మాత్రాన బావి లెక్క బాగున్నట్లు కాదు. మావయ్యగారు ఏమీ అనుకోవద్దు.

మంకీబోర్డు మావయ్య, నరసాపురం

అనుకోవడానికేముంది నాయనా, మాట సరైనదే. నేను చూడలేదన్నాను కాని, రాదనలేదు.

షేకర్ పక్క గది, విశాఖపట్నం

నేను మడ్ లాగింగు విభాగంలో, అంటే బావి నుంచి తిరిగివచ్చే మడ్డునూ గ్యాస్‌నూ పరిశీలించే చోట, పనిచేస్తాను. రిగ్గు మీద తొంభై మంది మగవాళ్ళ నడుమ ఇద్దరమో ముగ్గురమో ఆడవాళ్ళం ఉంటాం. మా యూనిట్ షేల్ షేకర్లకు, అంటే మడ్డులోంచి రాతి ముక్కలను వేరుచేసే ఊగే జల్లెడలకు, దగ్గరగా ఉంటుంది. అక్కడ జల్లెడ మీద పడే రాతి ముక్కల రూపు మారటం, మడ్డులో నురగ రావటం మా తెర మీద గ్యాస్ శాతం పెరగడానికి ముందే ఒక్కోసారి కంటికి కనబడతాయి. షేకరు మనిషి ఫోను చేసి "అక్కా, రాయి మారింది" అని చెప్పే రిగ్గు మీద నాకు నిద్ర పడుతుంది. తమ్ముడూ, నీకు షేకర్ల దగ్గర డ్యూటీ పడితే దానిని శిక్ష అనుకోకు.

గోవాలో బేతుల్‌లో జరిగే హెలికాప్టర్ శిక్షణ గురించి కూడా చెబుతాను, ఎందుకంటే నాకు ఈత వచ్చు కదా అనే ధీమాతో వెళ్ళి మొదటిసారి నీళ్ళు మింగింది నేనే. నిన్ను ఒక డబ్బాలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, నీటిలోకి దించి తలకిందులుగా తిప్పుతారు. ముక్కులోకి నీరు ఎక్కుతుంది, కళ్ళకు బుడగలు తప్ప ఏమీ కనబడవు, పైకి ఏదో కిందికి ఏదో తెలియదు. అందుకే మునగక ముందే ఒక చేతిని కిటికీ అంచు మీద, రెండో చేతిని బెల్టు బకిల్ మీద ఉంచమంటారు. డబ్బా తిరగటం పూర్తిగా ఆగేవరకు బెల్టు విప్పకూడదు. విప్పితే తేలిపోయి దిక్కు తప్పుతావు. కిటికీ మీద పెట్టిన చెయ్యే నీకు దారి. నేను మొదటిసారి తొందరపడి విప్పేశాను, శిక్షకుడు మెడ పట్టి లాగాడు. 2022 జూన్ 28న ముంబయి తీరాన సాగర్ కిరణ్ రిగ్గు దగ్గర దిగబోతూ ఒక హెలికాప్టరు సముద్రంలో పడినప్పుడు తొమ్మిది మందిలో నలుగురు చనిపోయారు. ఈ ఉద్యోగంలో ప్రమాదం రిగ్గు ఎక్కాక మొదలవదు, జుహూలోనే మొదలవుతుంది.

దమ్మాం తెలుగువాడు

పడమటి సముద్రంలో మీకు ఎంత తగులుతుందో బావిని బట్టి ఉంటుంది కాని, మా గల్ఫ్ క్షేత్రాలలో అందరికంటే ముందు నేర్పేది హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుందని పుస్తకంలో చదివి, వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకునేవాళ్ళు ఉన్నారు. గాలిలో నూరు పీపీఎం (పది లక్షలకు నూరు వంతులు) దాటితే కొద్ది నిమిషాలలోనే ముక్కు వాసన పట్టటం మానేస్తుంది. అది గాలి కంటే బరువు కనుక మడ్డు గుంటలలో, డెక్కు కింద ఇరుకు చోట్ల పేరుకుంటుంది. అలారం పది పీపీఎంకే మోగుతుంది, మోగగానే గాలి దిక్కు చూపే సంచీ ఎటు ఊగుతోందో చూసి గాలికి ఎదురుగా లేదా అడ్డంగా వెళ్ళాలి. కింద పడిపోయిన మిత్రుణ్ణి చూసి శ్వాస పరికరం లేకుండా దూకవద్దు. మా శిక్షకుడు ఒకటే చెప్పేవాడు: "మొదటివాడిని గ్యాస్ చంపుతుంది, రెండోవాడిని స్నేహం చంపుతుంది." ఇక్కడ గడ్డం పెంచుకోనివ్వరు, మాస్కు ముఖానికి అతుక్కోదు కనుక. మొక్కు ఉంటే ముందే తీర్చుకుని వెళ్ళు.

మూడు కాళ్ళ మంచె, కాకినాడ

అందరూ బావి గురించే చెబుతున్నారు, బావిని మోసే రిగ్గు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. జాకప్ అంటే పొలంలో మంచె లాంటిదే, కాకపోతే కాళ్ళు మూడు, నేల సముద్రం కింద ఉంటుంది. పడవలాగా లాక్కొచ్చి కాళ్ళు దించుతారు. గట్టి పొర కింద మెత్తని బంకమట్టి ఉన్నచోట ఒక కాలు ఒక్కసారిగా గుచ్చుకుపోతే రిగ్గు ఒరిగిపోతుంది, దీనిని పంచ్‌త్రూ అంటారు. అందుకే పని మొదలుపెట్టకముందే ట్యాంకులలో సముద్రపు నీరు నింపి, రాబోయే బరువంతా ముందే కాళ్ళ మీద మోపి పరీక్షిస్తారు. ఆ ప్రీలోడ్ గంటలలో రిగ్గును నీటికి చాలా ఎత్తున ఉంచరు. అవసరం లేని మనిషిని రిగ్గు మీదే ఉండనివ్వరు. మా గోదావరి ముఖద్వారం బయటి బంకమట్టిలో కాళ్ళు ఎంతో లోతుకు దిగుతాయి. పని అయ్యాక వాటిని పీకటం అంతకంటే పెద్ద పని.

సముద్రం మీద ఇనుము ఎంత చిన్న కారణానికి విరుగుతుందో చెప్పాలంటే అలెగ్జాండర్ కీలండ్ సంగతి చెప్పాలి. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో ఆ రిగ్గు బోల్తాపడి 123 మంది చనిపోయారు. నీటిలో శబ్దాలు వినే హైడ్రోఫోన్ అనే పరికరం ఆధారాన్ని, కాళ్ళను కలిపే బ్రేసు అనే అడ్డు గొట్టానికి అతికించిన ఆరు మిల్లీమీటర్ల వెల్డింగు దగ్గర మొదలైన పగులు అలల దెబ్బకు పెరిగి పెరిగి చివరికి కాలినే ఊడదీసింది. ఆ పరికరం బావికి సంబంధించినది కూడా కాదు.

ముంబయి హై చమురు క్షేత్రం సంగతి నీకు మరీ దగ్గరిది. 2005 జూలై 27న సముద్ర సురక్ష అనే సహాయక నౌకలో ఒక వంటమనిషి వేళ్ళు తెగాయి. వర్షాల వల్ల హెలికాప్టరు రాలేదు. అతణ్ణి క్రేను బుట్టలో ప్లాట్‌ఫారం మీదికి ఎక్కించడానికి నౌకను దగ్గరికి తెచ్చారు. అలలకు నౌక అదుపు తప్పి, దాని హెలిడెక్కు ప్లాట్‌ఫారం పక్కన గ్యాస్ మోసే రైజర్లను తాకింది. గ్యాస్ కారి మంట లేచింది, రెండు గంటలలో ప్లాట్‌ఫారమే లేకుండా పోయింది. అక్కడ ఉన్న 384 మందిలో 22 మంది తిరిగి రాలేదు. మావయ్యగారి వేళ్ళకూ మడ్డురావుగారి గ్యాస్‌కూ నడుమ గోడ ఉందని ఎవరైనా అనుకుంటే ఆ రోజును తలుచుకోవాలి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు "మనకు ఎన్నో గంటలు ఉన్నాయి" అనే మాట నమ్మకు. 2021 మేలో తౌక్తే తుపానులో పనివాళ్ళు బస చేసే పీ305 బార్జి లంగర్లు తెగి మునిగినప్పుడు దాని మీద 261 మంది ఉన్నారు, డెబ్బైమందికి పైగా పోయారు. లైఫ్ జాకెట్ ఎక్కడుందో, నీ లైఫ్‌బోటు సంఖ్య ఏమిటో, చీకటిలో అక్కడికి ఎలా పోవాలో మొదటి రోజే రెండుసార్లు నడిచి చూసుకో.

పర్మిట్ బాబు, ముంబయి

నేను భద్రతా అధికారిగా పనిచేస్తున్నాను. మన సముద్ర క్షేత్రాలకు 2008 నాటి భద్రతా నియమాలు ఉన్నాయి, ఓఐఎస్‌డీ అనే చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ వాటి అమలును చూస్తుంది. పనికి ముందు తీసుకునే పర్మిట్ కాగితాన్ని విసుక్కునే వాళ్ళందరూ ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం సంగతి తెలుసుకోవాలి. 1988 జూలై 6న అక్కడ ఒక కండెన్సేట్ (గ్యాస్‌తో వచ్చే తేలిక ద్రవ ఇంధనం) పంపు భద్రతా వాల్వును మరమ్మతుకు విప్పి, ఆ చోటును ఒక బిళ్ళతో మూశారు. ఆ సంగతి రాసిన కాగితం రాత్రి షిఫ్టు వారి కంట పడలేదు. రెండో పంపు ఆగిపోతే వాళ్ళు మొదటిదాన్ని నడిపించారు. ఆ బిళ్ళ దగ్గర ఇంధనం కారి అంటుకుంది, 167 మంది చనిపోయారు. నీటిలో పనిచేసే డైవర్లను లాగేస్తాయేమోనని అగ్నిమాపక పంపులను ఆటోమేటిక్ నుంచి తప్పించి ఉంచారు, అవి మొదలవనేలేదు. ఎవరి పని వారు సక్రమంగానే చేశామనుకున్నారు. షిఫ్టు మారేటప్పుడు ఒక మాట నోటితో చెప్పి, చేత్తో చూపించి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు ప్రతి రిగ్గు మీదా ప్రతి మనిషికీ పని ఆపే అధికారం ఉంది. అనుమానం వస్తే ఆపు. ఎవరూ ఏమీ అనరు.

పేరు వద్దు

"ఎవరూ ఏమీ అనరు" అన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను కాంట్రాక్టు రౌస్టబౌట్‌ని, డెక్కు మీద సరుకులు ఎత్తి దించే పనివాణ్ణి. గాలి పెరుగుతోందని, బండిల్ ఊగుతోందని ఒక క్రేను లిఫ్టును చెయ్యెత్తి ఆపాను. ఆ రోజు అందరి ముందు చప్పట్లు కొట్టి ఒక టీషర్టు ఇచ్చారు. పద్ధెనిమిది రోజుల తర్వాత ఇంటికి వచ్చాను. మరుసటి విడతకు పిలుపు రాలేదు. కారణం చెప్పలేదు, అడిగితే ఖాళీలు లేవన్నారు. టీషర్టు మాత్రం ఉంది, ఇంట్లో బండి తుడుచుకుంటున్నాం.

పర్మిట్ బాబు, ముంబయి

మీకు జరిగింది అన్యాయం. దానిని రాతపూర్వకంగా

పేరు వద్దు

రాతపూర్వకంగానే ఇచ్చానండి. కంపెనీ ఏదో చెప్పమంటారా?

నిర్వాహకులు

ఏ సంస్థ పేరునూ ఇక్కడ ప్రస్తావించవద్దని మనవి. పర్మిట్ బాబుగారి పై సందేశం సగంలో ఆగినట్లుంది.

పర్మిట్ బాబు, ముంబయి

సగంలో నేనే ఆపాను. రాతపూర్వకంగా ఇవ్వమని సలహా చెప్పబోతుండగా ఆయన ఇచ్చారని చూశాను. నేను అన్న "ఎవరూ ఏమీ అనరు" అనే మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కంపెనీ ఉద్యోగికీ కాంట్రాక్టు మనిషికీ ఆ అధికారం ఒకే ధర పలకదు, ఇది మా విభాగంలో అందరికీ తెలిసి కూడా స్లైడ్లలో రాయని సంగతి. కొంతవరకు పనిచేసే ఉపాయం ఒకటి ఉంది: ఒంటరిగా ఆపకుండా, పక్కనున్న మరొకరిని కూడా చూడమని, ఇద్దరూ కలిసి చెప్పండి. ఆపిన వెంటనే అబ్జర్వేషన్ కార్డు రాసి, నకలు ఫోటో తీసుకోండి. ఇది రక్షణ కాదు, సాక్ష్యం.

మంకీబోర్డు మావయ్య, నరసాపురం

"ఆపండి" అనే బదులు "సార్, ఇది ఒకసారి చూస్తారా" అని అడిగితే ఆగిన పనులు నాకు చాలా తెలుసు. తలవంచుకుని అడగవలసి రావటం తప్పే. కాని ముందు లిఫ్టు ఆగాలి కదా.

కోనసీమ కుర్రాడు, అమలాపురం

అందరికీ నమస్కారం. ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఇప్పుడు రిగ్గు మీదే ఉన్నాను, రాత్రి షిఫ్టు. బేతుల్‌లో నేను కూడా మొదటిసారి బెల్టు ముందే విప్పేశాను అక్కగారూ. మా రిగ్గు మీద ఐరన్ రఫ్‌నెక్ ఉంది కాని అది చెడిపోయిన రోజులలో చేతి టాంగులే వాడుతున్నాం. ట్రిప్ ట్యాంకు దగ్గర కొలబద్ద ఎక్కడ ఉంటుందో మొదటి వారమే చూసుకున్నాను. అది నిజానికి అక్కడ లేదు, మడ్డు స్టోరులో తాళం వేసి ఉంచారు. అడిగితే తెచ్చి పెట్టారు.

మొన్న రాత్రి టాంగు స్నబ్ లైన్‌ను టార్చి వేసి చూస్తే క్లాంపు పక్కన మూడు తీగలు తెగి విచ్చుకుని ఉన్నాయి. మావయ్యగారు చెప్పినట్లే "సార్, ఒకసారి చూస్తారా" అని డ్రిల్లరుకు పై అధికారి అయిన టూల్‌పుషరును అడిగాను, నాతోపాటు రెండో ఫ్లోర్‌మన్‌ను కూడా తీసుకువెళ్ళాను. ఆయన చూసి పని ఆపించి, నలభై నిమిషాలలో కొత్త తాడు వేయించాడు. డ్రిల్లరు మాత్రం రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. వచ్చే విడతకు పిలుస్తారో లేదో తెలియదు. అమ్మకు ఇది చెప్పలేదు.

మంకీబోర్డు మావయ్య, నరసాపురం

డ్రిల్లరు మాట్లాడతాడులే బాబూ, ఆయనకు ముందు ఆకలి తీరాలి, తర్వాత కోపం తగ్గుతుంది. తీసేసిన పాత తాడును ఏం చేశారు? ముక్కలుగా కోశారా?

కోనసీమ కుర్రాడు, అమలాపురం

లేదండీ. చుట్ట చుట్టి స్టోరు బయట కొక్కేనికి తగిలించి ఉంది.

మంకీబోర్డు మావయ్య, నరసాపురం

అయితే పగటి షిఫ్టు వాళ్ళకు తాడు అవసరమైనప్పుడు దాన్నే తెచ్చి కడతారు. షిఫ్టు దిగేలోపు కోయించు.

కోనసీమ కుర్రాడు, అమలాపురం

ఇప్పుడే వెళుతున్నాను మావయ్యగారూ. వెల్డరు ఇంకా లేచే ఉన్నాడు.